పెద్దవీధిలో సైకిలు దిగే మనిషి

సైకిలు ఎక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. ఏసుదానానికి దిగడం వచ్చు. ఆ విద్యలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో లేడు.

పేటలోంచి తొక్కుకుంటూ వచ్చేవాడు. రామకోవెల ముందున్న కరెంటు స్తంభం ఇంకా పది బారల దూరంలో ఉండగానే తొక్కడం ఆపేసేవాడు. సైకిలు దాని ఊపున అది పోతూ ఉండేది. ఎడమ పెడలు మీద బరువు వేసి, కుడికాలు వెనకనుంచి తిప్పి తెచ్చి, సరిగ్గా స్తంభం దగ్గర నేల మీద పెట్టేవాడు. బ్రేకు కీచుమనేది కాదు. వెనక క్యారేజీ మీద నిండు క్యాను ఉన్నా చుక్క తొణికేది కాదు. అక్కణ్ణించి హేండిలు పట్టుకుని, తల కొంచెం వంచి, ఎవరి వైపూ చూడకుండా నడిచేవాడు. రెండు వందల నలభై అడుగులు. రైసుమిల్లు గోడ దాటగానే మళ్లీ ఒక్క ఊపున ఎక్కేసేవాడు.

ఆ రెండు వందల నలభై అడుగుల దూరాన్నే పెద్దవీధి అంటారు. రెండు పక్కలా రైతుల ఇళ్లు. వెనక ఉన్న పేటవాళ్లు మెయిన్ రోడ్డుకి రావాలంటే, కాలువ గట్టున చుట్టు తిరిగితే తప్ప, ఆ వీధి దాటి రావలసిందే. నెల్లిమర్లకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది ఊరు. పేరెందుకులెండి, ఆ పక్క ఏ ఊరి పేరు చెప్పినా సరిపోతుంది.

ఏసుదానం పేటలో పుట్టినవాడు. తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘం. ఇరవై ఒకటో ఏట, అంటే డెబ్బై తొమ్మిదిలో, నెల్లిమర్ల జూట్ మిల్లు స్పిన్నింగులో పని దొరికింది. పొలం పని కాని పని చేసి జీతం తెచ్చుకున్నవాడు ఆ పేటలో అతనే మొదటివాడు. మూడో నెల తిరిగేసరికి విజయనగరం వెళ్లి నల్ల సైకిలు కొన్నాడు. అక్కణ్ణించి ఇంటిదాకా తొక్కుకుంటూ వచ్చాడు. ఆ ఊపు మీదే పెద్దవీధిలో గంట మోగించుకుంటూ పోయాడు. కుర్రతనం.

ఆ సమయానికి అరుగు మీద జగన్నాధం నాయుడు కూర్చుని ఉన్నాడు. ఊరికి పెద్ద. ఏసుదానం తండ్రి ఆయన దగ్గరే పాలికాపు, అంటే ఏడాది పొడుగునా ఆయన పొలంలోనే పని. జగన్నాధం నాయుడు సైకిలు వంక చూశాడు. ఏమీ అనలేదు. కేక వెయ్యలేదు, పిలిపించలేదు, తండ్రితో చెప్పి పంపలేదు.

మర్నాడు తండ్రి పొలానికి వెళ్తే, "ఈ ఏడు మనుషులు సరిపోనార్రా" అన్నారు. పక్క రైతు దగ్గరికి వెళ్తే అక్కడా సరిపోయారు. ఊడ్పులయ్యాయి, కలుపులయ్యాయి, కోతలయ్యాయి. ఆ ఏడంతా ఏసుదానం తండ్రిని ఆ ఊళ్లో ఒక్క రైతు కూడా పనికి పిలవలేదు. పది రోజులకే ఆ ముసలాయనకి సంగతి అర్థమైంది. ఒకరోజు కొడుకు మిల్లుకి బయల్దేరుతుంటే సైకిలు సీటు మీద చెయ్యి వేసి ఆపాడు.

"బాబూ, కోవెల స్తంభం కాడ దిగిపో. రైసుమిల్లు గోడ దాటినాక ఎక్కు."

"ఆళ్లేటైనా అన్నారేటి?"

"ఏటీ అన్నేదు. అనకముందే దిగాల."

ఏసుదానం దిగాడు. మరుసటి ఏడు తండ్రిని పనికి పిలిచారు. ఇంత బాగా పాఠం చెప్పే బడి నేనెక్కడా చూడలేదు. తిట్టు లేదు, దెబ్బ లేదు. చదువు మాత్రం ఎముకల్లో ఇంకిపోయింది.

తర్వాత ముప్పై ఏడేళ్లు మిల్లు పని. మూడు షిఫ్టులూ చేశాడు. ఏ షిఫ్టుకి వెళ్లినా, ఏ షిఫ్టు నుంచి వచ్చినా స్తంభం దగ్గర దిగడమే. వానలో దిగాడు. జ్వరంతో దిగాడు. కొత్తగా కాపురానికి వచ్చిన భార్య లీలారాణిని వెనక కూర్చోబెట్టుకుని వచ్చిన రోజున ఆమెని దింపి, తనూ దిగి, ఇద్దరూ సైకిలుకి చెరోపక్కా నడిచారు. ఆ పిల్ల చెప్పులు తీసి చేత్తో పట్టుకుంది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఆమె పుట్టింటి ఊళ్లోనూ ఒక పెద్దవీధి ఉంది.

కాలం మారింది. జగన్నాధం నాయుడు చచ్చిపోయాడు. పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాయి, కోత మిషన్లు వచ్చాయి. పేట కుర్రాళ్లకి సైకిళ్లు వచ్చాయి, తర్వాత మోటారు సైకిళ్లు. మొదటిసారి ఒక కుర్రాడు పెద్దవీధిలో దిగకుండా పోయినప్పుడు ఏసుదానం భయపడ్డాడు. ఆ కుర్రాడి తండ్రికి ఏమవుతుందోనని వారం రోజులు చూశాడు. ఏమీ కాలేదు. తర్వాత ఇంకొకడు పోయాడు. ఆ తర్వాత అందరూ పోయారు. ఏసుదానం కొడుకు విక్టర్ బండి మీద హారన్ కొట్టుకుంటూ పోయేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఏసుదానం ఒక్కడే స్తంభం దగ్గర దిగుతూ మిగిలిపోయాడు.

పేట కుర్రాళ్లు, "మావా, స్తంభానికి దండం ఎట్టుకుంతన్నావేటి?" అని వేళాకోళం చేసేవారు. విక్టర్‌కి అయితే తల కొట్టేసినట్టుండేది.

"ఎవులు దిగమన్నారు నాన్నా నిన్ను? నా ఫ్రెండ్సు నవ్వుతన్నారు" అనేవాడు.

"అలవాటురా" అనేవాడు తండ్రి.

అలవాటు కాదు. భయమూ కాదు, భయం ఎప్పుడో పోయింది. ఉన్న సంగతి ఏమిటంటే, కుర్రాళ్లు దిగకుండా పోతున్నా ఏమీ జరగడం లేదని తెలిసినప్పుడు ఏసుదానానికి సంతోషం కలగలేదు. కడుపు మండింది. మరి నేను? ఇన్నేళ్లు నేను దిగింది ఎందుకు? ఇప్పుడు తనూ దిగకుండా పోతే, అంతకు ముందు దిగినవన్నీ ఉత్త పిచ్చిపనులైపోతాయి. దిగుతున్నంతకాలం దిగవలసిన కారణం ఒకటి ఉన్నట్టే. ఈ మాట అతను పైకి ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

దాని మీద ఇంకొకటి వచ్చి పడింది. ఒక ఆదివారం పాస్టరు స్టాన్లీ గారు తగ్గింపు స్వభావం గురించి ప్రసంగిస్తూ, "దూరం పోనక్కర్లేదు, మన ఏసుదానం గారిని చూడండి. ఈ రోజుకీ పెద్దవీధిలో సైకిలు దిగి నడుస్తారు. ఎంత వినయం!" అన్నారు. చర్చిలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఏసుదానానికి బెంచీ కింద దూరిపోదామనిపించింది. ఆయన మంచి మనసుతోనే అన్నారు పాపం. అవమానానికి పుణ్యం రంగు పూసేశాక దాన్ని వదిలించుకోవడం ఎవరి తరం? ఆ మర్నాటి నుంచి దిగకపోతే గర్వం వచ్చిందంటారు.

అలా దిగుతూనే రిటైరయ్యాడు. లీలారాణి మెయిన్ రోడ్డు మీద టిఫిన్ బడ్డీ పెట్టింది. ఆమె తెల్లారకుండా వెళ్లి పొయ్యి రాజేస్తే, ఇతను వెలుగొచ్చాక ఇడ్లీ రుబ్బు క్యాను, చట్నీ గిన్నె సైకిలు మీద కట్టుకుని వెళ్లేవాడు. మధ్యలో మామూలే, రెండు వందల నలభై అడుగులు.

కిందటేడాది తుంటి పట్టేసింది. విజయనగరం డాక్టరు ఫొటో తీయించి, కీలు అరిగిపోయిందన్నాడు. ఆపరేషను చెయ్యాలి, అందాకా నడక తగ్గించు, సైకిలు తొక్కితే తొక్కు, అది మంచిదే అన్నాడు. విచిత్రమైన జబ్బు. కూర్చుని పెడళ్లు తొక్కుతుంటే నొప్పి ఉండదు. నేల మీద యాభై అడుగులు వేస్తే ప్రాణం కళ్లల్లోకి వస్తుంది. కుడికాలు ఎత్తి వెనక్కి తిప్పడం మాత్రం అసలు కుదరదు. చర్చి రెండో మెట్టు మీద నిలబడి, సైకిలు పక్కకి వంచి, కాలు అవతలికి జార్చి ఎక్కేవాడు. బడ్డీ దగ్గర లీలారాణి బల్ల వేసి పట్టుకుంటే దిగేవాడు. ఈ రెండింటి మధ్యా దిగడమన్నది ఇక లేదు.

అంటే పెద్దవీధిలో దిగలేడు. దిగకుండా పోలేడు.

ఏం చేశాడు? పేట వెనకనుంచి కాలువ గట్టు ఎక్కాడు. మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి మెయిన్ రోడ్డు చేరేవాడు. ఆలస్యమెందుకైందని భార్య అడిగితే, "గట్టు మీద గాలి బాగుంతాది" అనేవాడు. ఆమెకి వాయి మీద వాయి దించుకోవడంతోనే సరిపోయేది, ఆరా తియ్యడానికి తీరికెక్కడ? ఎండాకాలం అలా గడిచిపోయింది. శ్రావణంలో ముసురు పట్టింది. గట్టు మీద బంకమట్టి. ఒకరోజు చక్రం జారి సైకిలుతో సహా వాలులో పడ్డాడు. క్యాను మూత ఊడి రుబ్బంతా కాలువ పాలైంది. లేవడానికి కాలు సాయం రాలేదు. మడికి నీళ్లు పెట్టుకోవడానికి వచ్చిన రైతెవరో చూసేదాకా బురదలో అలాగే పడి ఉన్నాడు.

ఆ సాయంత్రం లీలారాణి అతని మణికట్టుకి కట్టు కడుతూ నిలదీసింది.

"గట్టు మీంచి ఎందుకెల్లినావు?"

"గాలి..."

"గాలేటి గాలి! నిజం సెప్పు, విక్టరు నాన్నా."

"ఈదిలో దిగనేనే" అన్నాడు.

ఆమెకి ముందు అర్థం కాలేదు. "దిగడమేటి? ఎందుకు దిగడం?" అంది. అతను సైకిలు వంక చూశాడు. అప్పుడు అర్థమైంది. చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టేసింది.

"ఓలమ్మా! దానికోసం బురదలో పడి సావబోనావా? పుటకతో వచ్చిన బుద్ధి పుడకల్తో గానీ పోదంటారు, ఇదేనేటి?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదది, ఇరవై ఒకటో ఏట నేర్పితే వచ్చిన బుద్ధి. ఏసుదానం ఆ మాట అనబోయాడు గానీ ఆమె అననివ్వలేదు.

"నేను సెప్పులేసుకునే నడుస్తన్నాను ఆ ఈదిలో. పదేళ్లయిపోనాది. తెలుసా?"

"ఎప్పుడు?"

"ఎప్పుడేటి, రోజూ. ముందు సేత్తో పట్టుకునేదాన్ని. ఒకరోజు కొత్తగా రోడ్డుకి పిక్కరాళ్లు పోసినారు, కాళ్లకి గుచ్చుకున్నాయి, ఏసేసుకున్నాను. ఎవులూ ఏటీ అన్నేదు. ఆ తరవాత మరి తియ్యనేదు. నువ్వూ సూడనేదు."

నిజమే, అతను చూడలేదు. ఆ వీధిలో ఎన్నడూ తల ఎత్తి నడవనివాడు నేల చూపులు చూస్తూ కూడా పెళ్లాం కాళ్లు చూడలేదు. తన అడుగులతోనే సరిపోయింది అతనికి.

"సూడు," అంది లీలారాణి. "ఎల్లుండి నుంచి ఈదిలోంచి తొక్కుకుని వస్తావా, రా. రాననుకుంటే ఆ సైకిలు పాత సామాన్లోడికి ఇచ్చేసి మంచం మీద కూకో. రుబ్బు నేనే నెత్తి మీద ఎట్టుకుపోతాను. మళ్లీ గట్టెక్కితే ఊరుకోను."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. సైకిలు పోతే అతనికి ఇక కాళ్లు లేనట్టే. చర్చికి పోలేడు, బడ్డీకి పోలేడు, పేట చివర టీ కొట్టుకి కూడా పోలేడు. గుమ్మంలో నులకమంచం, దాని మీద అతను, వచ్చేపోయేవాళ్లు "ఎలాగున్నావు మావా" అని అడగడం.

ఆ రెండు రోజులూ మంచం మీద పడుకుని ఒక జవాబు కూడబలుక్కున్నాడు. ఎవరైనా ఆపి, 'ఏరా, దిగవేటి?' అని అడిగితే ఏం చెప్పాలి? 'కాలు బాగోనేదు బాబూ, ఏటనుకోకండి' అని చెప్పాలి. అది మర్యాద. అలాగే చెబుదామనుకున్నాడు. కానీ పడుకున్నకొద్దీ దాని అడుగునుంచి ఇంకో జవాబు పైకి తేలింది. 'దిగను.' అంతే, ఒక్క మాట. దాన్ని నోట్లోనే పదిసార్లు అనుకుని చూశాడు. ఎంత రుచిగా ఉందో! నలభై ఆరేళ్ల తర్వాత ఒక్క మాట. కారణం చెప్పడు, కాలు గురించి చెప్పడు. అడిగినవాడి మొహంలోకి చూసి, దిగను అంటాడు. మూడో రోజు పొద్దున్న చర్చి మెట్టు మీంచి సైకిలు ఎక్కేసరికి, ఎవరూ అడక్కుండా ఉంటే బాగుణ్ణు అనుకునే మనిషి, ఎవడైనా అడిగితే బాగుణ్ణు అనుకునే మనిషిగా మారిపోయాడు.

వాన వెలిసింది. వీధి సిమెంటు రోడ్డు ఇంకా తడిగానే ఉంది. స్తంభం దగ్గరపడింది. తొక్కడం ఆపకూడదని తనకి తానే చెప్పుకున్నాడు. కాళ్లు వినలేదు. పది బారల దూరంలో వాటంతటవే ఆగిపోయాయి. ఒంటి బరువంతా ఎడమ పెడలు మీదికి పోయింది. కుడికాలు లేవబోయింది. తుంటిలో సలాక దిగినట్టయి కళ్లు బైర్లు కమ్మాయి. సైకిలు అటూ ఇటూ ఊగి ఒక ఇంటి వైపు పోయింది. పడిపోకుండా ఎడమకాలు చాచి అందిన దాని మీద పెట్టేశాడు. కళ్లు తెరిచి చూస్తే అది జగన్నాధం నాయుడి ఇంటి అరుగు.

పాత అరుగు కాదు, కొడుకు గణపతిరావు డాబా కట్టినప్పుడు కట్టించిన సిమెంటు అరుగు. అయినా అదే ఇల్లు. సైకిలు మీద కూర్చుని, చెప్పు కాలు ఆ అరుగు మీద మోపి, ఏసుదానం గాలి పీల్చుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గరికి గణపతిరావు వచ్చాడు. కాళ్లకి తెల్లటి వాకింగ్ బూట్లు, చేతికి అడుగులు చూపించే వాచీ. గుండెకి స్టెంటు వేసిన దగ్గర్నుంచి పొద్దున్నే వీధిలో పది చుట్లు తిరుగుతున్నాడు. ఏసుదానం కంటే నాలుగేళ్లు చిన్న. అయితే మాత్రం ఏం, పిలుపు చిన్నప్పటిదే.

"ఒరే ఏసుదానం! పడిపోయావేట్రా?"

"నేదు బాబూ."

గణపతిరావు సైకిలు వంక చూశాడు. సీటు మీద కూర్చున్న మనిషిని చూశాడు. అరుగు మీది కాలు చూశాడు. ఏసుదానం తల ఎత్తాడు. ఇప్పుడు అడుగుతాడు. నోట్లో మాట సిద్ధంగా ఉంది.

"ఏటి, ఈమధ్య కనిపించడం లేదు? నడక మానేసినావేటి?"

"నడకా?"

"అదేరా. రోజూ ఇక్కడ దిగి సైకిలు నడిపించుకుంటూ పోయేవోడివి కదా. డాక్టరు నన్ను నడవమన్నప్పుడు ముందు నువ్వే గుర్తొచ్చావురా. సైకిలుండి కూడా దిగి నడిచేవోడివి. అందుకే నీకు సుగరు లేదు, బీపీ లేదు. మా ఆవిడ ఈశ్వరికీ అదే చెబుతుంటాను, ఆ ఏసుదానాన్ని చూసి నేర్చుకోవే, ఇంట్లో కూర్చుని లావెక్కిపోతన్నావు అని."

ఏసుదానం ఆ మొహంలో వెక్కిరింత కోసం వెతికాడు. కళ్లల్లో చూశాడు, పెదాల చివర చూశాడు. లేదు. ఉంటే ఎంత బాగుండేది! ఆ మనిషి నిజంగానే మెచ్చుకుంటున్నాడు.

"నేను నడక కోసం దిగనేదు బాబూ" అన్నాడు.

"మరి?"

"ఈ ఈదిలో మేం ఎక్కి తొక్కకూడదని. మీ నాన్నగారు..."

"మా నాన్నా?" గణపతిరావు ఆశ్చర్యపోయాడు. "దిగమన్నాడా నిన్ను? ఎప్పుడు?"

"అన్నేదు."

"అనలేదా? మరి?"

ఆ 'మరి'కి ఏం చెప్పాలి? ఒక చూపుని ఎలా చెప్పాలి? "మా అయ్యని ఆ ఏడు పనికి పిలవనేదు బాబూ. డెబ్బై తొమ్మిదిలో. ఊరంతా పిలవనేదు."

గణపతిరావు నుదురు చిట్లించి నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "డెబ్బై తొమ్మిదా? ఆ ఏడు వానల్లేవేమోరా. నేనప్పుడు విజయనగరంలో చదువుకుంటన్నాను." తర్వాత నవ్వాడు. "నీకు లేనిపోని అనుమానాలు. మా నాన్న ఎవర్నీ ఒక్క మాట అనే మనిషి కాదు. ఊళ్లో ఎవర్నైనా అడుగు."

ఎవరిని అడగాలి? తండ్రి పోయి ఇరవై ఏళ్లయింది. 'మనుషులు సరిపోనార్రా' అన్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆ మనిషి ఒక్క మాట అనలేదన్నది నిజం. దానికి ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అడిగితే ఏసుదానం కూడా అదే చెప్పాలి.

"కాలు బాగోలేదా?" అన్నాడు గణపతిరావు, అప్పుడే గమనించినట్టు. "అయ్యో, ముందే చెప్పొద్దూ. ఇప్పుడెలా కదుల్తావు? ఉండు, నేను తోస్తాను."

"వద్దు బాబూ, వద్దు."

"ఊరుకోరా. వాకింగ్‌లో వాకింగు."

వెనక్కి వచ్చి సీటు పట్టుకుని తోశాడు. జగన్నాధం నాయుడి కొడుకు పెద్దవీధిలో ఏసుదానాన్ని సైకిలు మీద కూర్చోబెట్టి, సైకిలు నేర్చుకునే పిల్లాణ్ణి తోసినట్టు, "తొక్కు, తొక్కు, భయం లేదు" అంటూ ఇరవై అడుగులు తోసుకుంటూ పోయాడు. ఎదురింటి సుభద్రమ్మ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి నవ్వింది. ఊపు అందాక గణపతిరావు చెయ్యి వదిలేసి, "రోజూ ఇటే రా!" అని కేకేశాడు. ఏసుదానం రైసుమిల్లు గోడ దాటిపోయాడు. 'దిగను' అన్న మాట గొంతులోనే ఉంది. దిగను అనడానికి, దిగమన్నవాడు ఒకడుండాలి కదా.

బడ్డీ దగ్గర లీలారాణి బల్ల పట్టుకుని ఎదురొచ్చింది. అతను వచ్చిన వైపు చూసి మొహం వెలిగింది.

"ఈదిలోంచే వచ్చినావా! ఏటైనా అన్నారా?"

"తోసినారు."

"తోసినారా! పడగొట్టినారా?" ఆమె చేతిలో బల్ల అలాగే ఉండిపోయింది.

"కాదే. సాయం సేసినారు. గణపతిరావు బాబు." ఆమె వేసిన బల్ల మీద ఎడమకాలు మోపి, సైకిలు మీద కూర్చునే జరిగిందంతా చెప్పాడు. చివరికి, "ఆళ్లకి గుర్తు నేదే. నేను సుగరు రాకుండా దిగి నడిసినాననుకుంతన్నారు" అన్నాడు.

లీలారాణి క్యాను తాడు విప్పుతూ, "గుర్తెందుకుంతాది? దిగినోడివి నువ్వు. ఆళ్లేటి దిగినారా?" అంది. అప్పటికే ఇద్దరు ఆటోవాళ్లు పళ్లాలు పట్టుకుని నిలబడ్డారు. ఆమె క్యాను ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఏసుదానం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామని చూశాడు. జగన్నాధం నాయుడు ఒక్క మాట అనలేదు. తండ్రి తిండి కోసం చెప్పాడు. గణపతిరావు తోసి పంపాడు. నలభై ఆరేళ్ల కోపం, అంతా అతని దగ్గరే ఉండిపోయింది, ఇచ్చుకోవడానికి మనిషి లేడు.

"ఇదిగో, నన్ను దింపు" అని కేకేశాడు.

"వస్తన్నాను, ఒక్క వాయి" అంది లీలారాణి లోపల్నుంచి. అతను సైకిలు మీదే కూర్చుని ఎదురు చూశాడు.